ఎదురుచూపు ఋణమగునా?

ఒక వాద్యబృందమును ప్రేమించిన శ్రోతలు దాని తరువాతి ఆల్బమునకై, అనగా ఒక్కమారుగా వెలువడు పాటల సంపుటమునకై, ఏండ్లతరబడి యెదురుచూచుట కొందరు పెద్దలకు పనిలేనివారి పనిగా తోచును. మాకట్లు తోచుట లేదు. ఇందులో నొక ధర్మసందేహ మిమిడియున్నది. ఒకరు చేసిన పనిని మనము మిక్కిలి ప్రేమించితిమి. ఆ ప్రేమవలన, వారింకను చేయని పనిపై మనకు హక్కు పుట్టునా? ఎదుగుచున్న బిడ్డలపైనను, చదువు చెప్పిన గురువులపైనను, ఒకప్పుడు మేలుచేసిన మిత్రులపైనను మన మిట్టి హక్కునే తెలియకయే స్థాపించుచుందుము. కావున నీ ప్రశ్న పాటలతో ముగియునది కాదు. అయినను పాటల యొద్దనే దీనిని పరిశీలింతము; అచ్చట విషయము స్పష్టముగా కానవచ్చును.

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున 1985వ సంవత్సరమున పుట్టిన గన్స్ ఎన్ రోజెస్ అను రాక్ బృందమును 1987లో వెలువడిన తొలి ఆల్బము ప్రసిద్ధికెక్కించెను. 1991లో ఒకే దినమున రెండు ఆల్బములు విడుదలచేసిరి. 1993లో వచ్చినది ఇతరుల పాటలను తాము పాడిన సంపుటము. ఆ పిమ్మట స్వంతపాటల యాల్బము శ్రోతల చేతికి వచ్చుసరికి 2008 నవంబరు మాసము; 1991 నుండి లెక్కింపగా 17 ఏండ్లు. ఈలోపల 1996లో గిటారు వాద్యకుడు స్లాష్ వెడలిపోయెను. క్రమముగా తొలి ఆల్బమున వాయించినవారిలో గాయకుడు ఆక్సల్ రోజ్ తప్ప నెవ్వరును మిగులరైరి. రానున్న యాల్బమునకు చైనీస్ డెమోక్రసీ యను పేరు మాత్రము 1999 నుండియు వినవచ్చుచుండెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మను సామెత అమెరికావారు వినియుండరు గాని, దాని యర్థమును తొమ్మిదేండ్లు చక్కగా ననుభవించిరి.

2008 మార్చిలో డాక్టర్ పెప్పర్ అను పానీయముల కంపెనీవారు, ఈ యాల్బము ఆ యేడే వెలువడినచో అమెరికాలోని ప్రతివారికిని ఒక్కొక్క డబ్బా పానీయము ఉచితముగా నిత్తుమని ప్రకటించిరి. ఆల్బము నిజముగనే వెలువడెను! జనము విరుచుకొనిపడగా కంపెనీవారి వెబ్‌సైటు ఆ రద్దీకి తాళలేక పోయెను. గడువు పొడిగింపవలసి వచ్చెను. వేళాకోళముగా నాడిన మాటయైనను నాడినవారికి ఋణమే యయ్యెనని గ్రహింపవలెను. మాట ఋణమును కల్పించును. ప్రేమ కల్పించునా?

వెల యిచ్చి మనము కొన్నది వెలువడిన పాటను. ఆ పాటను వింటిమి, సుఖించితిమి. ఆ లెక్క అంతటితో తీరినది. రాబోవు పాటకు మనము బయానా ఇచ్చినవారము కాము. బృందమువారు తేది ప్రకటించి ముందుగా సొమ్ము పుచ్చుకొనిరేని మాట వేరు, అప్పుడడుగుట న్యాయమే. ఒడంబడిక యున్నచోట సైతము ఈ తగవు తేలికగా తెగునది కాదు. బోస్టన్ అను బృందమువారి తొలి ఆల్బము 1976లో, రెండవది 1978లో వెలువడెను. రెండవదానిని తనకు తృప్తి కలుగకమునుపే తొందరపెట్టి విడుదల చేయించిరని బృందనాయకుడు టామ్ షోల్జ్ చెప్పియున్నాడు. ఇంజనీరుగా పనిచేసినవాడగుటచే నతడు తన యింటి నేలమాళిగలోని స్టూడియోలో స్వరస్వరమును సరిచూచుకొనువాడు. మూడవది సకాలమున రాలేదని సి.బి.ఎస్. అను రికార్డుల కంపెనీవారు 1983లో దావా వేసి, తుదకు ఓడిపోయిరి. ఆ యాల్బము 1986లో వేరొక కంపెనీ ద్వారా వెలువడెను. కాగితము చేతనున్న కంపెనీకే దక్కని హక్కు, కాగితము లేని శ్రోతకెట్లు దక్కును?

ప్రేమ హక్కుగా మారినప్పుడు జరుగునది చూడుడు. 2008 జూన్‌లో, చైనీస్ డెమోక్రసీ యింకను విడుదల కాకమునుపే, ఆ బృందమును ప్రేమించు యువకుడొకడు అందలి తొమ్మిది పాటలను ఇంటర్నెట్టున నుంచెను. ఆ యేడే అతనిని నిర్బంధించిరి, నేరమొప్పుకొనెను, 2009లో రెండు మాసముల గృహనిర్బంధమును, ఒక యేడు పర్యవేక్షణయు శిక్షగా పడెను. అతడు ధనమునకై చేసెనని మేమనుకొనుట లేదు. శిక్ష తేలికగా పోయినందులకు మాకు విచారమును లేదు. అయినను ఆ పని తప్పే. ఉడుకుచున్న కుండలోనుండి మెతుకు పట్టిచూచు అధికారము వండువారిది. ఆకలిగొన్నవారు వాకిట వేచియున్నారనుట సత్యమే కాని, ఆ యాకలి మూత తీయుట కనుమతి కానేరదు.

అట్లని యెదురుచూపును నిందింప మాకిష్టము లేదు. టూల్ అను బృందమువారు 2006లో ఒక యాల్బమును, తరువాత 2019 ఆగస్టులో ఫియర్ ఇనాక్యులమ్ అను యాల్బమును వెలువరించిరి. నడుమ 13 ఏండ్లు! 2006లో పదునైదేండ్ల బాలుడు 2019 నాటికి సంసారియై యుండును. ఈ యేండ్లలో అతడు పాత పాటలనే మరల మరల విని, మొదట చెవికెక్కని తాళగతులను తెలిసికొని, తనవలెనే వేచియున్నవారితో చెలిమి కలుపుకొనియుండును. ఇది వ్యర్థమైన కాలమని యెవరనగలరు? ఒక న్యాయవివాదము తమ కాలమును మ్రింగుచున్నదని 2014లో ఆ బృందమువారు బయటపెట్టిరి. కళాకారుడు శ్రోతకు చెల్లింపవలసినది యేదైన నున్నదన్నచో ఇట్టి నిజమే యని మా యభిప్రాయము. రేపు, ఎల్లుండి యని యూరించుటకంటె, ఇంకను కాలేదని చెప్పుట మర్యాద.

ఆలస్యం అమృతం విషమందురు. అమృతమును విషము చేయునది ఆలస్య మొక్కటియే కాదు. వేచియున్నవాడు తన మనస్సులో నొక యాల్బమును తానే కట్టుకొనును. దినదినమును దానికి మెరుగు పెట్టును. తుదకు వచ్చిన పాటను దానితో పోల్చి పెదవి విరుచును. 2008లో పెక్కుమంది చైనీస్ డెమోక్రసీని 17 ఏండ్ల యెదురుచూపుతో తూచిరి. ఏ పాట ఆ తూకమునకు నిలువగలదు? ఈ బరువును తెచ్చి త్రాసులో వేసినది శ్రోతయే గాని, బృందము కాదు. బృందమువారు పేరు ముందుగా చాటి, జాగుచేసి, ఆ బరువు పెరుగుటకు తోడ్పడిరనుటయు నిజమే.

2016లో స్లాష్ మరల గన్స్ ఎన్ రోజెస్ బృందముతో కూడెను. పెద్ద పెద్ద మైదానములలో కచేరీలు జరిగెను. జనము తండోపతండములుగా వచ్చి పాత పాటలు విని యానందించిరి. ఇంటికి పోవుచు, తరువాతి యాల్బమెప్పుడని యడుగ మొదలిడిరి.