జీర్ణోద్ధరణ ధర్మము

పాతవస్తువును బాగుచేయుట మంచిపని యని యెల్లరును ఒప్పుకొందురు. ఎంతవరకు బాగుచేయవలెనని అడిగినచో మాత్రము వివాదము పుట్టును. విరిగినదానిని అతుకుట యొకటి. విరుగనిదానిని మన యిచ్చవచ్చినట్లు మార్చుట మరియొకటి. ఈ రెంటి నడుమ హద్దు ఎక్కడ నున్నది? ఈ ప్రశ్న బషీరాబాదులో మా యింట ఒక ఆటవస్తువు మూలమున పుట్టినది.

మా పినతండ్రిగారు అమెరికాలో చాలకాలము ఉద్యోగము చేసి, వార్ధక్యమున స్వగ్రామమునకు తిరిగి వచ్చుచు, ‘స్టార్ ట్రెక్’ అను టెలివిజను కథలోని ఎంటర్‌ప్రైజు అను నభోనౌక నమూనాను విడిభాగములుగా తెచ్చిరి. ఏ.ఎం.టి. కంపెనీవారు 1966లో మొదట వెలువరించిన ప్లాస్టిక్కు నమూనా అది. పొడవు సుమారు 18 అంగుళములు. వణకుచున్న చేతులతో ఆయనయే దానిని అతికించిరి. జిగురు పొంగి గట్టిపడిన చోట్ల వ్రేలిముద్రలు నిలిచినవి. పేరు తెలుపు అక్షరములు ఒకవైపునకు ఒరిగినవి. వెనుకనున్న రెండు ఇంజనులను మోయు సన్నని కాళ్లు క్రుంగినవి. ఈ నమూనాకు ఆ క్రుంగుబాటు పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆయన గతించిన పిమ్మట, హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్న మనుమడు దానిని చేతబట్టి, రంగంతయు గీకి, వ్రేలిముద్రలను గరుకు కాగితముతో రుద్ది, అక్షరములను సరిగా అంటించి, లోపల దీపములు పెట్టుదునని బయలుదేరెను. పిన్నమ్మ అడ్డుపడెను. “బిడ్డా, అది మీ తాత చెయ్యిరా” అని మాత్రమే ఆమె యనెను. పిల్లవాడు నా వైపు తిరిగి అడిగిన మాట నన్ను నిలువరించినది. “తాత పోయిననాడు నాయనమ్మ బొట్టు, గాజులు తీయించవలెనని చుట్టములు పట్టుబట్టగా, పాత ఆచారమని నేను కాదంటిని. మీరందరు నన్ను మెచ్చిరి. నాడు పాతదానిని త్రోసివేయుట న్యాయమైనచో, నేడు వంకర అక్షరమును దిద్దుట అన్యాయ మెట్లగును?”

ఈ ప్రశ్నకు బదులు వెదకుచు, ఆ నౌకయొక్క అసలు నమూనా చరిత్రను ఆలోచించితిని. టెలివిజను చిత్రణమునకై 1964లో చేసిన ఆ నమూనా పొడవు 11 అడుగులకు పైబడినది. అధికభాగము కొయ్యతో చేసినది. దానిలోని దీపములకు తీగలు ఎడమవైపునుండి పోయెడివి. కావున కుడివైపుననే చిత్రించిరి. కానరాని ఎడమవైపును అలంకరింపక విడిచిరి. 1974లో అది స్మిత్సోనియను సంస్థవారి వాయు అంతరిక్ష ప్రదర్శనశాలకు చేరి, పలుమారులు మరమ్మతు పొందినది. 1991లో ఆరంభమైన మరమ్మతులో ఉపరితలమున ముదురు ఛాయలును గీతలును చేర్చిరి. అవి మొదటి రూపమున లేనంత గాఢముగా నున్నవని అభిమానులు ఆక్షేపించిరి. 2014లో మరల పని చేపట్టినవారు తమ యూహను పక్కనపెట్టి, 1967 ఆగస్టునాటి రూపమును గురిగా నిలుపుకొనిరి. పళ్లెమువంటి ముందుభాగము పైతట్టున మొదటి రంగు చెడక మిగిలియుండెను. దానిని తాకక, తక్కిన రంగులను దానికి సరిపోల్చిరి. లోపలి పాత దీపములకు బదులు ఎల్‌ఇడి దీపములు పెట్టిరి. అసంపూర్ణమైన ఎడమవైపును మాత్రము పూర్తిచేయలేదు. 2016లో దానిని మరల ప్రజలకు చూపిరి.

ఇందు గమనింపదగినది వారి నిగ్రహము. క్రొత్తదానిని వారు అసహ్యించుకొనలేదు, దీపమును మార్చిరి. పాతదానిని వారు పూజింపలేదు; అతిగా చేరిన గీతలను తొలగించిరి. అయినను నాటి పనివారి చేతిని చెరపలేదు. ఎడమవైపు అలంకరింపకపోవుట లోపము కాదు, ఆ పనియెట్లు జరిగెనో చెప్పు సాక్ష్యము. సాక్ష్యమును సుందరము చేయబూనుట దానిని అబద్ధము చేయుటయే యగును.

మా ప్రాంతమున దీనికి నిత్యదృష్టాంత మున్నది. తాండూరు నాపరాయి పరచిన పాత యిండ్లలో, తల్లులు నిత్యము కూర్చుండి విసరిన చోట రాయి నునుపెక్కి పల్లమైయుండును. మెరుగుబండలు వేయించుటకై దానిని పెకలించి పారవేయుదుము. పగిలి కాలికి గుచ్చుకొను బండను తీసివేయుట తప్పుకాదు. పల్లమైనదను నెపముతో తీయునప్పుడు ఒక జీవితమునే తీసివేయుచున్నాము.

ఇక పిల్లవాని ప్రశ్న. పాతదగుట చేతనే ఏదియు రక్షణార్హము కాదు. పాతదగుట చేతనే ఏదియు త్యాజ్యమును కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము గారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు పాతది యెంత పాతదని అడుగలేదు. దానివలన ఎవరు బాధపడుచున్నారని అడిగిరి. ఆచారపు గీత బ్రతికియున్న దేహముపై పడును. గాజులు తీయించుట పిన్నమ్మ చేతిని నొప్పించును. వంకర అక్షరము ఎవ్వరిని నొప్పించును? నేర్పరితనము చూపగోరు మన కన్నును మాత్రమే. నాడు పిల్లవాడు ఆమె పక్షమున నిలిచెను. నేడు అదే ధర్మము అతనిని మరల ఆమె పక్షమున నిలువుమనుచున్నది. ఆచారమును దిద్దునప్పుడు బాధితుని మాట వినవలెను. జ్ఞాపకమును దిద్దునప్పుడు దానిని మోయువారి మాట వినవలెను. రెండుచోట్లను వినవలసిన మనిషి ఇచ్చట ఒక్కతెయే.

నా తీర్పు ఇది. క్రుంగిన కాళ్లకు లోపలినుండి సన్నని కమ్మి ఊతమిచ్చి, పడకుండ నిలుపవలెను, అది మందు. దుమ్ము తుడువవలెను, అది శుచి. గీకుట, రుద్దుట, తిరిగి అంటించుట వలదు. అవి మరలింపరాని పనులు. నేర్పు చూపవలెనను కోరిక పిల్లవానికి సహజమే. అట్టి విడిభాగముల పెట్టెలు నేటికిని అమ్మకమున నున్నవి. ఒకటి తెప్పించుకొని, అందు తనకు తోచిన దీపములన్నియు పెట్టి, అక్షరములను తీర్చి నిలుపుకొనవచ్చును.

పిల్లవాడు కొంతసేపు మాటాడలేదు. పిదప కరవాలు పట్టినట్లు పట్టుకొన్న గరుకు కాగితమును బల్లపై పెట్టి, సన్నకమ్మి కొరకు లేచిపోయెను.