ఎవరు తగ్గారు?

‘ది గర్ల్ ఫ్రమ్ ఇపనేమా’ పాట రెండు నిడివుల్లో దొరుకుతుంది. ‘గెట్జ్/జిల్బెర్తో’ ఆల్బమ్‌లో ఉన్నది ఐదు నిమిషాలు దాటుతుంది. రేడియో కోసం తీసిన సింగిల్ మూడు నిమిషాల లోపే అయిపోతుంది. ఆల్బమ్‌లో ముందు జొవావ్ జిల్బెర్తో పోర్చుగీసులో పాడతాడు. తరవాత అప్పటి అతని భార్య ఆస్త్రూద్ ఇంగ్లీషులో అందుకుంటుంది. ఆ పైన స్టాన్ గెట్జ్ శాక్సఫోన్, ఆంటోనియో కార్లోస్ జోబిమ్ పియానో, మళ్లీ ఆస్త్రూద్. సింగిల్‌లో జొవావ్ గిటారు ఉంది, గొంతు లేదు. 1964లో ప్రపంచం నోట ఆడింది ఆ కోత తరవాత మిగిలిన పాటే.

రెండింటినీ వెంటవెంటనే పెట్టుకుని వినడం నాకు అలవాటు. సింగిల్ అందంగానే ఉంటుంది. మొదటిసారి వినేవాళ్లకు ఏదో లోటున్నట్టు తోచదు. నన్ను కలవరపెట్టేది అదే. ఒక మనిషిని పాటలోంచి తీసేసినా పాట నిండుగానే వినిపిస్తే, ఇక తీసేసిన సంగతి ఎవరికి గుర్తుంటుంది?

రెండు దేశాల సంగీతాలు కలిశాయంటే చాలు, పొగడటానికి మాటలు సిద్ధంగా ఉంటాయి. సంగమం అంటాం, వారధి అంటాం, సంగీతానికి ఎల్లలు లేవంటాం. ఆ మాటలు అబద్ధం కావు కానీ, వాటితో ఒక ప్రశ్న కప్పబడిపోతుంది. ఈ కలయిక కుదరడానికి ఎవరు తగ్గారు? తమంతట తామే తగ్గారా, ఇంకెవరైనా తగ్గించారా? ఇప్పుడు ఇలాంటి ఆల్బమ్ ఏది విన్నా నా మనసు ముందుగా అక్కడికే పోతుంది.

‘గెట్జ్/జిల్బెర్తో’ని 1963 మార్చి 18, 19 తేదీల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. నిర్మాత క్రీడ్ టేలర్, ఇంజనీరు ఫిల్ రామోన్. గెట్జ్ అప్పటికే జాజ్‌లో పెద్ద పేరు. జొవావ్ 1958లో ‘షేగా జి సౌదాజి’ రికార్డుతో బ్రెజిల్‌లో బోసా నోవాకి దారి వేసినవాడు. అతను చేసిన పని బయటికి చిన్నదిగా కనిపిస్తుంది. సాంబా అంటే వీధిలో పదుల మంది వాయించే తాళవాద్యాల సమూహం. దాన్నంతా ఒక్క గిటారులోకి తెచ్చాడు. బొటనవేలు పెద్ద డోలు దెబ్బని నిలకడగా వేస్తూ ఉంటే, మిగతా వేళ్లు తంబొరీం అనే చిన్న డప్పు విరుపుల్ని పలికిస్తాయి. దాని మీద గొంతు, కంపనం లేకుండా, పక్కనున్న మనిషితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతు దెబ్బ మీద నిలబడదు. కాస్త ముందే వచ్చేస్తుంది, లేదా నింపాదిగా వెనకబడుతుంది. అతీతం, అనాగతం అని ఎత్తుగడలకు పేర్లు పెట్టుకున్న మన చెవికి ఈ దాగుడుమూతలు వెంటనే దగ్గరవుతాయి.

ఇంత మెల్లగా పాడే మనిషి పక్కన శాక్సఫోన్ వాయించడం ఎలా? గెట్జ్ ఊపిరిని తగ్గించుకున్నాడు. చాలాచోట్ల స్వరం కంటే ముందు గాలి వినిపిస్తుంది. వేగం చూపించగలిగిన చోట కూడా రాగం వెంటే నడిచాడు. అయినా కొన్నిచోట్ల ఆ వాద్యం గొంతు కంటే ముందుకు వచ్చేస్తుందని నాకనిపిస్తుంది. అతను పూర్తిగా తగ్గలేదు. కానీ తగ్గాలన్న ప్రయత్నం వినిపిస్తుంది, ఆ ప్రయత్నమే ఆ ఆల్బమ్‌కి ప్రాణం. గొప్ప వాద్యకారుడు తనకు చేతనైనదంతా చెయ్యకుండా ఆగడం, చేతకానివాడు ఆగడం ఒకటి కావు. అతని చేతిలో ఉన్నదేమిటో తెలిసినవాళ్లకి, అతను వదిలేసినదీ వినపడుతుంది.

ఆస్త్రూద్ సంగతి వేరు. ఆమెకు అప్పటికి రికార్డింగు అనుభవం లేదు. ఇరవై మూడో ఏడు కూడా నిండలేదు. గొంతులో నిపుణత లేదు, శ్రుతి ఒకటి రెండు చోట్ల అటూ ఇటూ అవుతుంది కూడా. ఇంగ్లీషు మాటలు నార్మన్ గింబెల్ రాశాడు. ఆమె వాటిని ఏ అలంకారమూ లేకుండా పలికింది. శిక్షణ పొందిన గాయని అయితే ఆ పాటని ఏదో చేసేసి ఉండేది. ఈమె ఏమీ చెయ్యలేదు, పాట ఉన్నదున్నట్టు ఉండిపోయింది. 1965 గ్రామీలలో ‘గెట్జ్/జిల్బెర్తో’ ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్, ఆ పాట ఆ ఏటి ఉత్తమ రికార్డు. ఆల్బమ్ శీర్షికలో ఉన్న రెండు పేర్లలో రెండోది ఆమె ఇంటిపేరే కానీ, ఉద్దేశించింది భర్తని. ఆ రోజు పనికి ఆమెకు ముట్టింది 120 డాలర్లని చెబుతారు. బాస్ వాయించిన సెబస్తియావ్ నెతో పేరైతే మరీ అన్యాయం. మొదటి ముద్రణలో అతని స్థానంలో టామీ విలియమ్స్ అనే మరో వాద్యకారుడి పేరు వేశారు.

అంటే జొవావ్ గొంతు సింగిల్‌లో లేదు, ఆస్త్రూద్ పేరు ఆల్బమ్ ముందు అట్ట మీద లేదు, నెతో పేరు మొదటి ముద్రణలో లేదు. వీళ్లెవరూ తగ్గలేదు, తగ్గించబడ్డారు. పాటలోని మెత్తదనం నన్ను ఎంత కదిలిస్తుందో, ఆ మెత్తదనం చాటున జరిగిన ఈ లెక్క అంత బాధపెడుతుంది. ఒకదానికోసం రెండోదాన్ని మరిచిపోలేను.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే రికార్డు ఒకటుంది. 1947 డిసెంబరు 30న జాజ్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ బృందం చేసిన ‘మాంతేకా’. అందులో మెత్తదనం లేదు. కాంగా డోళ్లు, వాటి మీద బాస్, ఆ పైన శాక్సఫోన్లు, ట్రాంబోన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, మధ్యలో పాట పేరునే కేకేసే గొంతులు. ఆ కట్టుబడి హవానా నుంచి వచ్చిన కాంగా వాద్యకారుడు చానో పోసోది. అతనికి నొటేషన్ రాయడం రాదు. ఏ వాద్యం ఏం వాయించాలో నోటితో పలికి చూపిస్తే గిల్ ఫుల్లర్ కాగితం మీద పెట్టాడు. పోసోకి ఇంగ్లీషు అంతంత మాత్రం, గిలెస్పీకి స్పానిష్ రాదు. ఇద్దరినీ కలిపింది క్యూబా నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడిన మారియో బౌసా.

పోసో తెచ్చిన భాగం ఒకే చోట నిలబడి తిరుగుతూ ఉంటుంది, స్వరసంగతి మారదు. ఇది ఇలాగే సాగితే అంతా క్యూబాదే అయిపోతుందనుకున్న గిలెస్పీ, మధ్యలో 16 బార్ల చరణం లాంటి భాగం తనది చేర్చాడు. అక్కడికి రాగానే నడక మారిపోతుంది, అమెరికన్ జాజ్ తీరులో స్వరసంగతులు వరుసగా కదులుతాయి. అది ముగియగానే మళ్లీ డోళ్లు. అతుకు వేసిన చోటు స్పష్టంగా వినపడుతుంది. దాన్ని నున్నగా చెయ్యాలని ఎవరూ ప్రయత్నించలేదు. ఇద్దరూ ఎవరి నేల మీద వాళ్లు నిలబడి, వంతులవారీగా ఒకరి ఇంటికి ఒకరు వెళ్లొచ్చినట్టు ఉంటుంది. ఏడాది తిరగకుండానే, 1948 డిసెంబరులో, పోసోని హార్లెమ్‌లో కాల్చి చంపారు. అతనికి 33 ఏళ్లు.

క్యూబా సంగీతానికి వెన్నెముక క్లావే. రెండు కర్రముక్కల్ని ఒకదానితో ఒకటి కొట్టే ఐదు దెబ్బల వరస. దీన్ని మన చేతులతో పట్టుకోవచ్చు. ఆది తాళం వెయ్యండి, క్రియకు రెండు మాత్రలు, మొత్తం 16. దెబ్బలు 1, 4, 7, 11, 13 మాత్రల మీద పడతాయి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. మొదటి ఘాతం మీద ఒకటి. చిటికెనవేలు పడ్డాక దాని రెండో సగంలో ఒకటి. మధ్యవేలు మీద ఒకటి. ఐదో క్రియ, మొదటి ద్రుతం ఘాతం, ఖాళీ. ఆ వెంటనే విసర్జితం మీద ఒకటి, రెండో ద్రుతం ఘాతం మీద ఆఖరుది. మొదటి ద్రుతంలో మన చెయ్యి బలంగా పడే చోట ఆ కర్ర మౌనంగా ఉంటుంది, మన చెయ్యి తేలిపోయే చోట అది మోగుతుంది. కాసేపు వేస్తే రెండూ ఒకదానినొకటి పట్టుకుని నిలబడతాయి. ఏదీ రెండోదానిలో కరగదు.

ఇక్కడ నన్ను నిలబెట్టేసే సంగతి ఒకటుంది. 1739లో దక్షిణ కరోలినాలో బానిసలు తిరగబడ్డారు, స్టోనో తిరుగుబాటు అంటారు. మరుసటేడు వచ్చిన చట్టం వాళ్లకు డోళ్లు, కొమ్ములు నిషేధించింది. డోలు శబ్దం కబురు మోస్తుందని యజమానులకు తెలుసు. క్యూబాలోనూ బానిసత్వం అంతే క్రూరం. కానీ అక్కడ ఆఫ్రికన్లు కబీల్దోలు అనే సంఘాలుగా చేరి, తమ పూజల చాటున డోళ్లను కాపాడుకున్నారు. గిలెస్పీ పుట్టింది 1917లో, అదే దక్షిణ కరోలినాలో, షెరా అనే ఊళ్లో. రెండు వందల ఏళ్ల కిందట తన నేల మీద లాక్కున్న డోలుని ఇంకో దీవిలో దాచిపెట్టిన వాళ్ల దగ్గర్నుంచి అతను మళ్లీ పిలిపించుకున్నాడు. ఇది తెలిశాక ‘మాంతేకా’ని ‘లాటిన్ రుచి తగిలించిన జాజ్’ అని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు. విడదీసిన అన్నదమ్ములు కలుసుకుంటే దాన్ని ప్రయోగం అనరు.

మన సినిమా పాటల్లోకీ ఆ దెబ్బలు ఎప్పుడో వచ్చాయి. పాత తెలుగు పాటల్లో బాంగో, మరాకస్ వింటూనే పెరిగాం, వాటి ఊరు ఎక్కడో తెలియకుండానే. వాటిని వాయించిన చేతులు ఎవరివో కూడా తెలియదు. రికార్డు మీద సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు ఉండేవి. ఆర్కెస్ట్రాలో కూర్చున్నవాళ్లు పేరు లేకుండానే వెళ్లిపోయారు. నెతో విషయంలో న్యూయార్క్‌ని నిలదీసే ముందు ఇది ఒప్పుకోవాలి.

అయితే ఒక విషయంలో మనకు చెప్పుకోదగ్గ అనుభవం ఉంది. భిన్న సంగీతాలు కలిసేటప్పుడు అన్నిటికంటే ముందు బలయ్యేవి మాటలు. లయ దాటిపోతుంది, రాగం దాటిపోతుంది, భాష దగ్గరికి వచ్చేసరికి శ్రోత కూర్చోడని నిర్మాతకు భయం. జొవావ్ పోర్చుగీసుని తీసేసింది ఆ భయమే కావచ్చు. కానీ కావేరీ తీరాన తమిళం మాట్లాడే జనం తెలుగు కృతుల్ని తరాల తరబడి తెలుగులోనే పాడుకుంటూ వస్తున్నారు, కేరళలోనూ కర్ణాటకలోనూ అంతే. ఉచ్చారణ ఒక్కోసారి మనకు వింతగా తగులుతుంది, అర్థం కోసం వాళ్లు పక్కవాళ్లని అడుగుతారు. అయినా త్యాగయ్య మాటల్ని ఎవరూ కోసెయ్యలేదు. తెలియని భాషని తెలియనట్టే గౌరవించే ఓపిక శ్రోతలకు ఉంటుంది. దాన్ని నమ్మని వాళ్లు రికార్డు కంపెనీల వాళ్లు.

మాటల సంగతి అలా ఉంచితే, తమంతట తామే తగ్గినవాళ్లూ ఉన్నారు. జాజ్ గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1970లలో ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి ‘శక్తి’ బృందం పెట్టినప్పుడు, గమకం పలకాలని తన గిటారునే మార్పించుకున్నాడు. మెట్ల మధ్య కర్రని లోతుగా చెక్కించాడు, అడ్డంగా అనునాదం కోసం తీగలు బిగించుకున్నాడు. చాలా ఏళ్లకు ‘రిమెంబర్ శక్తి’లో అతని పక్కన కూర్చున్నది పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్. అతనిదీ అలాంటి కథే. జంట తీగల మాండొలిన్ గమకానికి లొంగదు. అందుకని ఒంటి తీగలు ఐదు పెట్టుకుని, కరెంటు వాద్యం చేసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడేవారు, ఆ పాటని పిల్లవాడు తీగ మీదికి తెచ్చుకునేవాడు. పద్నాలుగేళ్ల వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

నేను ఎవరు తగ్గారని అడిగే ప్రశ్నకి ఇంత సూటి జవాబు నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఒకరు గిటారుని చెక్కించుకున్నారు, ఒకరు తీగలు తీసేసుకున్నారు. ఇద్దరికీ ఏదో ఖర్చయింది. అదీ కలవడానికి చాలా ముందే, ఎవరూ బలవంతపెట్టకుండానే అయింది. శ్రీనివాస్ 2014లో, నలభై ఐదేళ్లకే పోయాడు. ‘శక్తి’ 2023లో ‘దిస్ మూమెంట్’ ఆల్బమ్ తెచ్చినప్పుడు మాండొలిన్ కోసం ఇంకొకరిని తీసుకోలేదు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ వచ్చింది. శంకర్ మహదేవన్ గొంతు, సెల్వగణేశ్ కంజీర, జాకిర్ తబలా ఉన్నాయి. 2024లో దానికి గ్రామీ వచ్చింది.

దాన్ని ఇష్టంగా వింటాను. వింటూ ఒకటి కోరుకుంటాను. శంకర్ మహదేవన్ గొంతు ఎక్కువగా ఆలాపనలోనూ స్వరాల్లోనూ గిటారుతో పోటీ పడుతుంది, ఆ పోటీ అద్భుతంగా ఉంటుంది కూడా. అంత లోతుగా చెక్కిన గిటారు పక్కన ఒక తెలుగు కృతి, పల్లవి నుంచి చివరి చరణం దాకా, ఒక్క మాట కూడా వదలకుండా వినాలని ఉంది. పది నిమిషాలు పట్టనీ, రేడియోలో వెయ్యకపోనీ.