కంభము చెరువును ఇస్సాకు బావులును

ధ్యాన భాగములు: ఆదికాండము 26:12-22, యోహాను 4:5-12, 38



ఇస్సాకు గెరారు లోయలో త్రవ్వించిన బావులను గూర్చి చదువునప్పుడెల్ల మా మనస్సు కంభము చెరువుకట్ట మీదికి పోవుచుండును. పడమట నల్లమల, తూర్పున వెలికొండలు, నడుమ కంభము. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల మధ్య ఇరుకు సందు చేసికొని వచ్చుచుండగా, పూర్వికులు ఆ సందును కట్టతో మూసిరి. జంపలేరు నీరును అందులోనే చేరును. కట్ట ఎత్తు 57 అడుగులు మాత్రమే; అయితే 430 చదరపు మైళ్ల నేల మీద పడిన వాన ఆ ఒక్క సందునకే రావలసియున్నది. ఆ చోటు చూచి ఏర్పరచినవాడెవడో గాని కొండను చదువనేర్చినవాడు. గోడలు దేవుడే కట్టియుంచెను. మనుష్యులు తలుపు పెట్టిరి.

కృష్ణదేవరాయల రాణియు గజపతి రాజు కుమార్తెయునైన వరదరాజమ్మ ఈ చెరువు కట్టించెనని చెప్పుదురు. రాయలు ఏలినది 1509 మొదలు 1529 వరకు గనుక, కట్టకు సుమారు 500 ఏండ్లు. తరువాత ఏలికలు మారుచు వచ్చిరి. 1800లో నిజాము ఈ సీమను దత్తమండలములతో కూడ కుంఫిణీవారికి ఇచ్చెను. 1858లో తాలూకా కడప జిల్లా నుండి కర్నూలు జిల్లాకు, 1970లో ఒంగోలు ముఖ్యపట్టణమైన క్రొత్త జిల్లాకు మారినది. కచేరీ ఎక్కడికి మారినను చెరువు నీరు తన తూముల గుండనే పారినది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని ప్రపంచ వారసత్వ కట్టడముగా ఎంచిరి. మంచిదే. అయినను రాణి పేరు నిలిచినది గాని, ఆ కట్టకు మట్టితట్ట మోసిన స్త్రీ పేరు ఒక్కటియు మనకు దక్కలేదు. పదివేల ఎకరములకు పైబడిన ఆయకట్టులో వరియు పసుపును పండుట ఆమె తల మీది తట్ట వలననే.

ఇదే గుండ్లకమ్మ క్రిందికి పోయి ఒంగోలు సీమలో మన సంఘ చరిత్రను కలిసికొనును. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు, క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పనిలో మూడున్నర మైళ్లు గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద ఈ యేటిలోనే 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. వారిలో అనేకులు ఊరి బావి దరికి రానీయబడనివారు. పైనుండి ఎవరైన దయతలచి పోసిన నీటికై దోసిలి పట్టినవారు, ఆ దినమున ఏటిలోనికి తామే దిగిరి. నాలుగేండ్లకు, 1882లో, కంభములో మిషను స్థానము ఏర్పడినది.

సుఖారు బావి యొద్ద సమరయ స్త్రీ, మా తండ్రియైన యాకోబు ఈ బావి మాకిచ్చెనని అతిశయముగా పలికినది. అటుతరువాత ప్రభువు తన శిష్యులతో, ఇతరులు కష్టపడిన కష్టఫలములో మీరు ప్రవేశించితిరని చెప్పెను. మనము త్రాగు నీరంతయు అట్టిదే గదా.

ఇప్పుడు ఇస్సాకు యొద్దకు వత్తము. ఫిలిష్తీయులు అసూయపడి అతని తండ్రి బావులను మన్నుపోసి పూడ్చిరి. కంభము చెరువునకు అట్టి శత్రువు లేడు. నల్లమల నుండి వరదతో దిగు ఒండ్రుమట్టి యేటేట కొంచెము కొంచెముగా అడుగున చేరుచుండును. పగవాడు రాత్రివేళ వచ్చి పూడ్చినది తెల్లవారగానే కనబడును. ఒండ్రుమట్టి నీటి క్రింద నుండును గనుక, చెరువు ఎండిన ఏట గాని ఎవరికిని కనబడదు. చెరువు ఎండిన ఏట సంఘములో కూడ అట్టిది బయలుపడుటను మేము చూచితిమి.

మేము కాపరిగానుండిన ఒక సంఘములో ఇద్దరు సహోదరులకు ఒకే కాలువ క్రింద పొలములు ఉండెను. ఒకనిది పైన, మరియొకనిది చివర. నీరు తక్కువైన ఒక ఏట, చివరివాని వంతు రాత్రి ఎవరో అతని మడవను మట్టితో మూసిరి. తెల్లవారి పారలు లేచినవి గాని, దేవుని దయవలన ఎవరికిని దెబ్బ తగులలేదు. ఆ తరువాతి మొదటి ఆదివారము చివరి పొలమువాడు ప్రభువు బల్ల యొద్దకు రాక లేచి వెలుపలికి పోయెను. మేము మరుసటి వారము మత్తయి 5వ అధ్యాయము తీసికొని, బలిపీఠము యొద్ద అర్పణ విడిచి మొదట సహోదరునితో సమాధానపడవలెనని గట్టిగా బోధించితిమి. మా కన్ను అతని మీదనే యుండెనని అందరికి తెలిసినది.

సాయంకాలము అతడు మా యింటికి వచ్చి గడప యొద్దనే నిలిచి, “అయ్యగారూ, పై చేనాయన కళ్లమప్పుడు మీకు వడ్లబస్తా పంపుతాడు. నేను పంపలేను. నా చేను ఎండిపోయె గదా!” అనెను.

మేము సెమినరీలో బోధకుని జీతభత్యములను గూర్చియు కానుకలను గూర్చియు పాఠములు చదివినవారమే. అయినను ఆ మాటకు మా యొద్ద ఉత్తరము లేకపోయెను. మడవ మూసినది పై పొలమువాడేనని మేము చూడలేదు, ఇప్పటికిని చెప్పలేము. అయితే అడుగనైన అడుగలేదు. ఆ బస్తా మా వసారాలోనే యుండెను.

ఇస్సాకు మొదటి బావి విషయమై కలహము రాగా దానికి ఏశెకు అని, రెండవ దానికి శిత్నా అని పేరు పెట్టెను. జగడము జరిగిన చోటును మంచి పేరుతో కప్పిపుచ్చలేదు. రహెబోతు అను ఎడముగల చోటు ఆ రెండిటిని విడిచి ముందుకు సాగిన తరువాతనే దొరికినది. మేము ఆ ఏట మొదటి రెండు పేర్లు పలుకకయే మూడవ దాని మీద ప్రసంగింప చూచితిమి.

బస్తా తిరిగి పంపితిమి. పై పొలమువానికి కోపము వచ్చి, కొన్ని నెలలు ఆరాధనకు రాలేదు. నీటి వంతు మరల వచ్చిన రాత్రి మేము లాంతరు తీసికొని కాలువగట్టు మీదికి పోయితిమి. చివరి పొలమువాడు మమ్మును చూచి ఏమియు అనక, తన తువ్వాలు పరచి కూర్చుండుమనెను. తెల్లవారు జామున పై పొలమువాడును వచ్చి కొంచెము దూరముగా కూర్చుండెను. ముగ్గురమును ఏమియు మాటలాడలేదు. మడవ గుండ నీరు పోవు చప్పుడు తెల్లవారు వరకు వినబడుచుండెను.