వ్రాతలో లేనివారు

అమెరికాకు వలసపోయిన జర్మను కుటుంబములవారు జనన మరణ పత్రములను, పౌరసత్వ పత్రములను వెదకి పూర్వుల ఊరు తెలిసికొందురు. 1906 తరువాతి పౌరసత్వ పత్రములందు జన్మస్థలమేగాక వచ్చిన యోడ పేరును ఉండును.

అన్నూరు ప్రాంతపు తెలుగువారమైన మనకు అట్టి ఆధారములు లేవు. విజయనగర కాలమునను, మధుర నాయకుల కాలమునను మన పెద్దలు దక్షిణమునకు వచ్చిరి. జనన మరణముల నమోదు 1886 చట్టమున ఐచ్ఛికము; 1969 చట్టముతోనే దేశమంతట తప్పనిసరి యైనది. అంతకు పూర్వపు జాడలకు ఇంటిపేరు, కులదైవము, భూమి దస్తావేజు దిక్కు.

దస్తావేజు భూమిగలవానినే స్మరించును. ఆ పొలము దున్నిన తెలుగు కూలివాడును, కోడలి పుట్టింటిపేరును అందు కానరావు. వ్రాతలో లేనివారు వంశమునకు, సంఘమునకు లేనివారగుదురా? కారని మా విశ్వాసము. వంశవృక్షమున ఆడుబిడ్డలను, మనతో శ్రమించినవారిని చేర్చుదము. తెలియనిచోట ఖాళీ విడుచుదము, గొప్పకై కల్పింపవలదు. ఖాళీ అసత్యము కాదు, కల్పన అసత్యము.