టోపీ కింద ముఖం

ఎన్నికల్లో అబద్ధం కొత్తది కాదు. దాన్ని తయారుచేసే యంత్రమే కొత్తది. మనిషి అనని మాటను అతని గొంతుతోనే అనిపించవచ్చు. జరగని ఊరేగింపును జరిగినట్టు చూపించవచ్చు. ఈ డీప్‌ఫేకుల నుంచి ఎన్నికలను కాపాడాలని అందరూ అంటున్నారు. కాపాడాల్సిందే. కాని ఎవరి ముఖాన్ని కాపాడుతున్నారన్నదే మా సవాల్.

2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఒక వీడియో పెద్ద గొడవైంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల రిజర్వేషన్లు తీసేస్తామని కేంద్ర హోంమంత్రి అమిత్ షా అన్నట్టు అందులో ఉంది. దానికి యంత్రం కూడా అక్కర్లేకపోయింది, కత్తెర సరిపోయింది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. తెలంగాణ ముఖ్యమంత్రికి నోటీసు పంపారు. అరెస్టులు జరిగాయి.

మరి అసలు ప్రసంగంలో ఏముంది? 2023 ఏప్రిల్ 23న చేవెళ్ల సభలో ఆయన తీసేస్తామన్నది ముస్లింల రిజర్వేషన్లను. నకిలీ వీడియో నేరమైంది. అసలు వీడియో ఎన్నికల వాగ్దానమైంది. ‘మిమ్మల్ని కాదు, ముస్లింలను అన్నారు’ అని తేలాక చాలామందికి సమస్య తీరిపోయింది. మాకు అక్కడే మొదలైంది.

ఆ రిజర్వేషన్లకు ‘మత రిజర్వేషన్లు’ అని పేరు పెట్టారు. 2007 చట్టం ముస్లింలందరికీ ఏమీ ఇవ్వలేదు. వెనుకబడిన 14 సమూహాలకు 4 శాతం ఇచ్చింది. సయ్యదులకు, పఠాన్లకు, మొఘళ్లకు అందులో చోటు లేదు. ఉన్నది ఫకీర్లకు, ముస్లిం చాకలివాళ్లకు, మంగలివాళ్లకు. వాళ్ల పేదరికాన్ని చెరిపేసి మతాన్ని మాత్రమే చూపించడం కూడా కత్తెర పనే. దాని మీద ఏ పోలీసు కేసూ లేదు.

ఇక యంత్రం సంగతి. 2025 సెప్టెంబరులో అస్సాం బీజేపీ తన ఖాతాలో కృత్రిమ మేధతో చేసిన వీడియో పెట్టింది. తాము లేకపోతే అస్సాం ఏమవుతుందో చూపించింది: తేయాకు తోటల్లో టోపీలు, విమానాశ్రయంలో బురఖాలు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది, అక్టోబరులో నోటీసులు వచ్చాయి. ఆ వీడియోలో టోపీలు, బురఖాలు వేసుకున్నవాళ్లకు పేర్లు లేవు. టోపీ ఉంటే చాలు, దాని కింద ఎవరున్నారన్నది అక్కర్లేదు. అభ్యర్థి ముఖానికి యజమాని ఉంటాడు, ఫిర్యాదు చేస్తాడు. కోట్లమందికి కలిపి అంటగట్టిన ముఖానికి ఫిర్యాదుదారు ఎవరు?

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో అభ్యర్థి వ్యక్తిగత శీలంపై తెలిసి అబద్ధం చెప్పడం అవినీతి చర్య. మతాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం కూడా అవినీతి చర్యే. కాని ఆ సెక్షన్ కింద తేలాలంటే ఎన్నిక ముగియాలి, పిటిషన్ వేయాలి, ఏళ్లు గడవాలి. నకిలీ వీడియో దృష్టికి వచ్చిన 3 గంటల్లో పార్టీలు తీసేయాలని 2024 మే 6న ఎన్నికల సంఘం చెప్పింది. తర్వాత, కృత్రిమంగా తయారైనదని లేబుల్ వేయాలంది. మంచిదే. కాని లేబుల్ జవాబు చెప్పేది ‘ఇది నిజమా?’ అన్న ప్రశ్నకే. అస్సాం వీడియో కల్పన అని చూసినవాళ్లకు తెలియదా? అది రేపటి గురించి చెప్పింది. జరగని రేపటికి నిజనిర్ధారణ ఎలా చేస్తారు? ద్వేషానికి నమ్మకం అక్కర్లేదు, ఒక బొమ్మ చాలు.

ఈ మాట అనే హక్కు కావాలంటే మనం కూడా ఒక బాధ్యత మోయాలి. మనకు ఇష్టంలేని నాయకుడి నోట్లో అనని మాట పెట్టిన వీడియో వస్తే సంబరంగా పదిమందికి పంపకూడదు. అది ఆయనకూ జుల్మే. ఖబర్ వస్తే ముందు తహకీఖ్ చేసుకోవాలని సూరా హుజురాత్ ముసల్మానుకు చెప్పింది. ఆ ఖబర్ మనకు లాభమైతే చేసుకోనక్కర్లేదని చెప్పలేదు. మన ఇజ్జత్‌కు కోరే న్యాయాన్ని ఎదుటివాడి ఇజ్జత్‌కూ ఇవ్వాలి.

ఎన్నికల సంఘాన్ని మేం అడిగేది దయ కాదు. ‘ఎవరి గొంతు దొంగిలించారు?’ అని అడిగినట్టే ‘ఎవరి మీద నింద వేశారు?’ అని కూడా అడగాలి. నాయకుడి ముఖానికి 3 గంటల గడువు ఉంది. టోపీ కింద ఉన్న దర్జీకి, పండ్ల బండివాడికి, వాళ్ల పిల్లలకు కూడా అదే గడువు ఉండాలి. వాళ్లూ ఓటర్లే.