నా తదనంతరం

వీలునామా రాయడం పెద్ద కష్టమేమీ కాదు. ఏది ఎవరికో స్పష్టంగా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్ల సంతకాలు తీసుకుంటే చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఈపాటి పనిని నేను ఏళ్ల తరబడి వాయిదా వేశాను. చావంటే భయం కాబోలని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను, ఎందుకంటే అసలు కారణం కంటే ఆ భయమే కాస్త గౌరవంగా ఉంది. ఎవరికి ఏమిస్తానో తేలనంతకాలం అందరూ నన్ను కనిపెట్టుకుని ఉంటారన్నది నా లెక్క.

చివరికి చిత్తుప్రతి రాయడానికి కూర్చున్నాను. ‘ఎవరి ప్రేరణా, ఒత్తిడీ లేకుండా, స్థిరచిత్తంతో’ అన్న మామూలు వాక్యం చేయి తిరిగినట్టు వచ్చేసింది. ఆ తర్వాత రాసినవన్నీ ఆ వాక్యాన్ని వెక్కిరించేలా ఉన్నాయి. కష్టంలో ఉన్నప్పుడు పలకరించని మేనల్లుడి పేరు ఎక్కడా లేదు. మా ఊరి గ్రంథాలయానికి కొంత డబ్బు రాశాను, గుమ్మం మీద నా పేరు చెక్కించాలన్న షరతుతో. గ్రంథాలయం మీద ప్రేమ లేదని కాదు. కానీ ఆ షరతు తీసేస్తే మొత్తం అంతే ఉంటుందా అని నన్ను నేనే అడిగితే, తగ్గేదే. ఎంత తగ్గేదో కూడా నాకు తెలుసు.

దానపత్రం రిజిస్టరైతే ఆస్తి చెయ్యి దాటిపోతుంది. వీలునామా అలా కాదు. ఊపిరున్నంతవరకూ మార్చుకోవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది. అంటే ఇచ్చినవాడిననే తృప్తి ఈ రోజే అందుతుంది, పోగొట్టుకోవడం మాత్రం నేను లేనప్పుడు జరుగుతుంది. కందుకూరి వీరేశలింగం 1919లో కన్నుమూశారు. దానికి ఎన్నో ఏళ్ల ముందే ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. ఇచ్చేశాక లేనివాడిగా బతకడం ఎలా ఉంటుందో ఆయన చూశారు. నాకు ఆ చూడటమే వద్దు. అలాగని వీలునామాతో ఇచ్చేవాళ్లందరూ పిరికివాళ్లనను. ముసలితనంలో మందులకూ కూటికీ చేతిలో కాస్త ఉంచుకోవడం వివేకమే. నా విషయంలో ఆ వివేకం ఎంత, పట్టు వదలలేనితనం ఎంత అన్నదే తేలడం లేదు.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసిన వాక్యం మరొకటి. ‘నా చెల్లెలికి ప్రేమాభిమానములతో రెండెకరాలు.’ రాసినప్పుడు కళ్లు చెమర్చాయి కూడా. రాత్రి పడుకున్నాక అసలు సంగతి తట్టింది. పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానహక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, అది 1985 సెప్టెంబరు నుంచే వర్తించింది. మా చెల్లెలి పెళ్లి ఆ తర్వాతే జరిగింది. నాన్న పోయాక హక్కు విడుదల పత్రం ముందు పెడితే మారుమాట లేకుండా సంతకం చేసింది. పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా అని పెద్దలన్నారు. నేను ఏమీ అనలేదు. అనకపోవడం వల్ల ఎవరికి లాభమో నాకు బాగా తెలుసు.

మరి ఆమెకు చేరాల్సినదాన్ని కానుకగా ఎందుకు రాశాను? బాకీ తీర్చినవాడికి ఎవరూ చేతులెత్తి దండం పెట్టరు. కానుక ఇచ్చినవాణ్ణి తలుచుకుంటారు. పైగా నేను పోయాక ఇస్తే, ‘ఇన్నాళ్లూ ఎందుకు ఆగావన్నయ్యా’ అని అడిగే అవకాశం ఆమెకు ఉండదు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికే రెండెకరాలు పెట్టానేమో. లేక నిజంగా ప్రేమేనా? రెండూ కలిసిపోయి ఉన్నాయి, నేను విడదీయలేకపోతున్నాను. ఆమెనే అడిగితే విడదీసి చెబుతుందని అనుమానం, అందుకే అడగలేదు.

ఆ వాక్యాన్ని చిత్తుప్రతిలో కొట్టేశాను. బతికుండగానే దానపత్రం రాయిద్దామని మా ఆవిడతో అన్నాను. అబ్బాయి వచ్చాక ఒకమాట అనుకుని రాయిద్దామనీ అన్నాను. పోయిన సంక్రాంతికి వాడు వచ్చి వెళ్లాడు.