చెఱసాల మాటకు కావలి

చెఱలోనున్నవాని మాట నేటికిని బ్రదికియున్నదనిన, ఆ పుణ్యమెవరిది? పలికినవానిదా? విని దాచినవానిదా? మనము మొదటివానికే హారతి పట్టుదుము. రెండవవాని పేరైనను అడుగము.

ఖమ్మమునుండి పాల్వంచమీదుగా భద్రాచలమునకు అడవిదారిని పోవునపుడెల్ల నాకీ ప్రశ్న తోచును. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీలుదారై, సర్కారు సొమ్ముతో భద్రాద్రిపై గుడి కట్టించి, తానీషా కాలమున గోలకొండ చెఱకు పోయిన కంచర్ల గోపన్న కథ మన యిండ్లలో పిల్లలకును తెలిసినదే. గోదావరి గట్టు విడిచి రాతిగోడల నడుమ గడపిన యా యేండ్లు, పండ్రెండని వాడుక, అతనికి బంధనము మాత్రమే కాదు, ప్రవాసము కూడ. అక్కడనే యతడు తాను చేయించిన నగలను, వాని వెలలను ఒక్కొక్కటిగా పేర్కొని రామునితో తగవులాడెనని ప్రతీతి. భక్తితో మనము పాడుకొను ఆ కీర్తన నిజమునకొక ఉద్యోగి జమాఖర్చు. కచ్చేరిలో చెల్లని లెక్కను అతడు పాటలో చెల్లించుకొనెను. భజనకూటములు దానిని నోట నోట మోసినవి. ఆ మోసినవారి పేర్లు మన కెవ్వరికిని తెలియవు.

అయితే ఆ లెక్కలో నొక కొఱత కలదు. ఖర్చు పద్దు కలదు గాని జమ పద్దు లేదు. శిస్తు చెల్లించిన కాపెవడో, ఆ యేడు వానికి పంట పండెనో లేదో ఆ పాట చెప్పదు. ఇది దాసుపై నింద కాదు. సంకెల కోసిన చేయి ముందుగా తన గాయమునే చూపును. కాని విన్నవారమైన మనము ఆ యొక్క గాయమునే చరిత్రయనుకొనుట న్యాయమా?

రెండున్నర శతాబ్దములకు పైగా గడచిన పిదప నీ ప్రాంతమే మఱియొక బందీని పంపెను. 1925లో చిన్నగూడూరున పుట్టి, ఖమ్మములో చదివిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాము ప్రభుత్వము నెదిరించి నిజామాబాదు జైలు చేరెను. అచ్చట పండ్లు తోముకొను బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెను. అధికారులు తుడిపించిరి. అతడు మఱల వ్రాసెను. తోడిఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి ఆ పద్యములను కంఠస్థము చేసెను.

ఈ కంఠస్థము చేయుటయందు కీర్తియేమియు లేదు. అందొక్క యక్షరమైనను తనది కాదు. దొరికినచో శిక్ష మాత్రము తనదగును. కవికి వ్రాయకయుండలేని ఆవేశము కలదు, దాచువానికి అట్టి నిర్బంధమేదియు లేదు. మఱచిపోయినచో అడుగువారుండరు. కావుననే దాచువాని ధర్మము కవి ధైర్యమునకు తీసిపోదని నా నమ్మకము. ఒక్కొక్కప్పుడు మిన్నయని కూడ అనిపించును. మన యిండ్లలో జైలుకేగి వచ్చిన తాతల కథలను నిలిపినది అవ్వలే గదా! సన్మానసభలలో వారికి కుర్చీ వేసినవారిని నేను చూడలేదు.

దాచువాడు తనకు నచ్చినదే దాచునని, నచ్చనిదానిని జాఱవిడుచునని కొందఱందురు. అది నిజమే. ఆళ్వారుస్వామి విషయమున మాత్రము ఆ యాక్షేపణ నిలువదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పరుల పుస్తకములను అచ్చువేసిన యతడు, తన చెఱవాసమునుగూర్చి వ్రాయబూనినపుడు తన కష్టముల పట్టిక వ్రాయలేదు. "జైలు లోపల" అను కథలలో, దొంగలని, హంతకులని లోకము త్రోసివేసిన సామాన్యఖైదీల బ్రదుకులను చెప్పెను. వారికి పద్యము రాదు, వారి విడుదలకై ఊరేగింపులు లేవు. గోపన్న లెక్కలో కానరాని కాపువంటివారే వీరును.

1949లో అచ్చయిన "అగ్నిధార"ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చెను. ఆ పుస్తకమును నేను చిన్ననాట చదివితిని. అంకితపు పుటను త్రిప్పివైచి, నేరుగా పద్యములకే పోయితిని.